అందినట్టు సంతకం

ఆఫీసులో ఆవిడని తాళం మేడమ్ అంటారు. ఎదురుగా ఉత్త మేడమ్ అని ఊరుకుంటారు, ఆవిడ అటు తిరగ్గానే ముందు తాళం వచ్చి చేరుతుంది. ఆ సంగతి ఆవిడకి ఎప్పుడో తెలుసు. తెలిసినవి తెలియనట్టు ఉండడానికే జీతం తీసుకుంటున్న మనిషి కాబట్టి, దీన్నీ అందులోనే కలిపేసుకుంది.

ఆవిడ పనిచేసేది సినిమాలు, టీవీ సీరియళ్లు, రేడియో కథలు తయారుచేసే కంపెనీలో. దాని షేర్లు మార్కెట్లో ఉన్నాయి. అంటే ముక్కూ మొహం తెలియని లక్షమంది దానికి తలా కాస్త యజమానులు. అలాంటి కంపెనీలో పెద్ద సినిమా ఆగిపోయినా, పేరున్న నటుడు కాంట్రాక్టు వదిలేసి పోయినా, ఆ లక్షమందికీ ఒకేసారి, ఒక్కరోజులోపు చెప్పి తీరాలని చట్టం. చెప్పేదాకా అది రహస్యం. ఆ రహస్యం ఎవరి చెవిన పడిందో, ఏ తేదీన, ఎన్ని గంటలకి, ఎవరి నోటి నుంచి పడిందో వరస తప్పకుండా రాసిపెట్టే రిజిస్టరు ఒకటి ఉంటుంది. ఇరవై రెండేళ్లుగా అది రాస్తున్నది ఆవిడే.

మొదట్లో బరువైన పుస్తకం, ఇప్పుడు కంప్యూటరు. రెండింటికీ గుణం ఒకటే. ఒక మనిషి పేరుతో రాసిన వరసని అక్కడ గీత అంటారు. ఒకసారి పడిన గీత చెరగదు. చైర్మన్ దిగివచ్చినా చెరగదు. పేరెక్కిన మనిషికి వెంటనే ఒక ఉత్తరం పోతుంది: మీకు ఫలానా సంగతి తెలిసింది, ఎవరికీ చెప్పకండి, షేర్లు కొనకండి, అమ్మకండి, ఇది అందినట్టు సంతకం చేయండి, అని. సంతకమంటే ఆ మనిషి తన ఫోనుకి వచ్చిన నంబరు తానే నొక్కాలి. ఇంకొకరు నొక్కడానికి వీల్లేదు. నొక్కేదాకా ప్రతి మూడు నెలలకీ ఇంటికి కాగితం వస్తూనే ఉంటుంది.

ఆవిడ ఇంటికి అలాంటి కాగితం ఏడేళ్లుగా వస్తోంది. ఆవిడ భర్త పేరు మీద. ఆయన పోయి ఆరేళ్లు.

ఆయన లెక్కల మాస్టారు. జన్మలో ఒక్క షేరు కొని ఎరగడు. ఒకరోజు సాయంత్రం భోజనాల దగ్గర ఆవిడ దిగులుగా ఉంటే ఏమైందని అడిగాడు. ఆవిడ ఏదో ధ్యాసలో, ఆ సీరియల్ ఇక ఉండదు, అనేసింది. అంతే, నాలుగు మాటలు. ఆ సీరియల్ ఆపేస్తున్నట్టు అప్పటికింకా బయటపెట్టలేదు. మర్నాడు ఆఫీసుకి పోయి, రూలు రూలే అనుకుని, తన మొగుడి పేరు రిజిస్టరులో ఎక్కించింది: తెలిసిన సమయం రాత్రి ఎనిమిదీ పది, చెప్పినది భార్య. ఎక్కించానని ఇంట్లో ఒక మాట చెబితే పోయేది. చెప్పలేదు. ఆయనకి ఉత్తరం వచ్చాకే తెలిసింది.

ఆయన కేకలేయలేదు. వేసినా బాగుండేది. నన్ను దొంగల జాబితాలో రాశావన్నమాట, అని ఆ కాగితం అలమరలో పెట్టేసి, సంతకం చెయ్యనన్నాడు. నెలరోజులు మాటల్లేవు. తర్వాత మాటలొచ్చాయి గానీ సంతకం మాత్రం రాలేదు. ఆ తర్వాతి ఏడాది బడిలో బోర్డు మీద లెక్క చేస్తూ చేస్తూ కూలబడిపోయాడు.

పోయినవాళ్ల గీత చెరపలేకపోయినా, చావు సర్టిఫికెట్ జతచేసి ఒక బటన్ నొక్కితే ఉత్తరాలు ఆగిపోతాయి. ఆ బటన్ ఉన్నది ఆవిడ దగ్గరే. రేపు నొక్కుదాం, ఎల్లుండి నొక్కుదాం అనుకుంటూ ఆరేళ్లు గడిపేసింది. మూడు నెలలకోసారి ఆయన పేరు రాసిన కవరు తలుపు కిందనుంచి లోపలికి జారుతుంటే, ఆ ఒక్క క్షణం ఆయన ఇంట్లో ఎక్కడో ఉన్నట్టే అనిపించేది. ఆ ఉత్తరాలన్నీ ఒక బిస్కట్ డబ్బాలో దాచింది.

ఇంట్లో ఉన్నది ఇద్దరు, ఆవిడా, ఆవిడ అత్తగారూ. మూడో అంతస్తులో రెండు గదులు. పెద్దావిడ జీవితమంతా కుట్టుమిషను తొక్కి కొడుకుని చదివించిన మనిషి. షుగరు వల్ల పదేళ్ల కిందట చూపు పోయింది. చూపు పోయినా పెత్తనం పోలేదు. కోడలు చెప్పులు విడిచే చప్పుడు విని ఇవాళ ఎవరితో పేచీ పడిందో చెప్పేస్తుంది. పెద్దావిడకి ఉన్న ఒకే ఒక సరదా, సాయంత్రం ఏడింటికి రేడియోలో వచ్చే కథ.

ఆ కథ కోడలి కంపెనీదే. ఇరవై ఏడేళ్లుగా ఒకే గొంతు చెబుతోంది. ఏడింటి కథాయన అంటారు అందరూ. ఆయన అసలు పేరు ఎవరికీ తెలియదు, మొహం ఎవరూ చూడలేదు. మొహం తెలిస్తే గొంతుకి మహిమ పోతుందని కంపెనీ కావాలనే దాచింది. పెళ్లీ పిల్లలూ లేని మనిషి, వెనక గుమ్మంలోంచి వచ్చి, కథ చెప్పి, వెనక గుమ్మంలోంచే పోయేవాడు. కంపెనీ ఏటా అచ్చువేసే రిపోర్టులో నష్టభయాల కింద ఒక వాక్యం ఉండేది: మా ఆదాయంలో మూడోవంతు ఒక్క మనిషి గొంతు మీద ఆధారపడి ఉంది. ఆ వాక్యం టైపు చేసింది కూడా తాళం మేడమే.

ఒక శుక్రవారం సాయంత్రం కథ అయిపోయాక పెద్దావిడ రేడియో కట్టేయకుండా దాని మీద చెయ్యి ఆనించి కూర్చుంది.

"ఇవాళ చెప్పింది ఆయన కాదే అమ్మాయ్."

జలుబు చేసుంటుంది అత్తయ్యా, అంది కోడలు. జలుబు చేస్తే ఇంకా బాగా తెలిసేదట. ఆయనకి ఎడమ ముక్కు కాస్త మూసుకుపోయి, పెద్ద వాక్యం మొదలుపెట్టే ముందు సన్నగా ఈల వినిపించేదట. ఇరవై ఏడేళ్లుగా తను ఆ ఈల కోసమే కాచుకుని కూర్చునేదాన్నని, నెల దాటిందో ఏమో అది లేదని, ఈల సంగతి అలా ఉంచితే అసలు ఊపిరే లేదని చెప్పింది. కోడలు నవ్వేసింది. మర్నాడు మళ్లీ అదే మాట. ఆ మర్నాడూ అదే. నాలుగో రోజు కోడలు కూడా వంటగది కొళాయి కట్టేసి, చేతులు తుడుచుకోకుండానే వచ్చి నిలబడి వింది. గొంతు ఆయనదే. విరుపు ఆయనదే, నవ్వు ఆయనదే. కానీ ఎంత పొడుగు వాక్యమైనా మధ్యలో ఎక్కడా గాలి పీల్చుకోవడం లేదు. ఒకసారి పట్టించుకున్నాక ఇక అది తప్ప ఇంకేమీ వినపడలేదు. తనకి తెలియకుండానే ఊపిరి బిగబట్టుకుని నిలబడింది.

మర్నాడు పొద్దున్నే రిజిస్టరు తెరిచి చూసింది. కథాయన గురించి ఒక్క గీత లేదు. జబ్బని లేదు, మానేశాడని లేదు. ఆ కంపెనీ రహస్యాలన్నీ మొదట తన బల్ల మీద వాలాకే ఎక్కడికైనా పోతాయి. తనని దాటుకుని ఏదో పోయిందంటే, అది మామూలుది కాదు. కాసేపు వేళ్లు కీబోర్డు మీద ఆడించి, చివరికి తనకి తెలిసిన పనే చేసింది. విన్నది నిజమో అబద్ధమో తేల్చడం రిజిస్టరు పని కాదు, విన్నారా లేదా అన్నదే దాని పని. కొత్త గీత తెరిచి అత్తగారి పేరు రాసింది. తెలిసిన సంగతి: కథ చెబుతున్నది కథాయన కాదు. తెలిసిన సమయం: శుక్రవారం సాయంత్రం ఏడూ పన్నెండు. ఎవరు చెప్పారు: ఎవరూ చెప్పలేదు, విని కనిపెట్టింది.

అరగంట కాకుండానే సెక్రటరీ గారు పిలిచారు. సెక్రటరీ అంటే ఉత్తరాలు టైపు చేసే ఉద్యోగం కాదు, కంపెనీ తరఫున చట్టానికి జవాబు చెప్పుకునే ఉద్యోగం. కొత్త గీత పడితే ఆయన ఫోను మోగుతుంది. ఆయన తలుపు వేసి, కుర్చీలో కూర్చోకుండా కిటికీ దగ్గర నిలబడ్డారు. ఇదేం తమాషా మేడమ్, అని మొదలుపెట్టి, తీసేయండి అన్నారు. తీయడం కుదరదని ఆయనకీ తెలుసు. అయితే కింద ఇంకో గీత రాయండి, పై గీత పొరపాటు అని, అన్నారు.

"పొరపాటేనా సార్?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తుడిచిందే తుడిచి, కాసేపటికి గొంతు బాగా తగ్గించి చెప్పేశారు. కథాయన పోయి నలభై ఒక్క రోజులైంది. ఆస్పత్రిలో అసలు పేరుతో చేరాడు, అసలు పేరుతోనే పోయాడు, అక్కడ ఆయనెవరో ఎవరూ గుర్తుపట్టలేదు. తెలిసింది చైర్మన్‌కి, తనకి, రికార్డింగు గదిలో సౌండ్ చూసే ఆయనకి. ఇంకో పెద్ద కంపెనీ దీన్ని కొనబోతోంది, ఏ రేటుకి అన్నది ఈ రెండు నెలల షేరు ధర చూసి తేలుస్తారు. ఇంకా పంతొమ్మిది రోజులుంది. ఈలోగా ఈ సంగతి బయటికి పొక్కితే షేరు కుప్పకూలుతుంది. అందుకని ఇరవై ఏడేళ్ల రికార్డింగులు మిషనుకి పెట్టి ఆ గొంతు తయారుచేయించారు. కథలు ఎప్పట్లా రాసేవాళ్లే రాస్తున్నారు, మిషను చదువుతోంది. పంతొమ్మిది రోజులు నోరు మూసుకుంటే చాలు, మేడమ్, మీకు అలవాటేగా, అన్నారు. నోరు మూసుకోకపోతే ఏమవుతుందో చెప్పలేదు. పెన్షనుకి ఇంకా మూడేళ్లుందని ఇద్దరికీ తెలుసు.

ఆవిడ తన గదికి పోలేదు. మెట్లు దిగి, అడుగు అంతస్తులో ఉన్న రికార్డింగు గదికి పోయింది. తలుపు మీద ఎర్రలైటు వెలుగుతోంది. అద్దానికి ఇవతల సౌండాయన ఒక్కడే చెవులకి పరికరం తగిలించుకుని కూర్చుని ఉన్నాడు, రిటైరయినా కంపెనీ వదలని పాతకాలం మనిషి. అద్దానికి అవతల మైకు, మైకు ముందు ఖాళీ కుర్చీ. కుర్చీ పక్కన చిన్న బల్ల మీద గ్లాసుతో నీళ్లు. నీళ్లలోంచి సన్నగా ఆవిరి లేస్తోంది. స్పీకరులోంచి కథాయన గొంతు వస్తోంది.

ఆ నీళ్లు ఎవరికని అడిగింది. సౌండాయన ఆవిడ వంక చూడకుండానే చెప్పాడు.

"ఒకరోజు పెట్టడం మానేశానమ్మా. మిషనుకి నీళ్లెందుకులే అని. మూడో పేజీకొచ్చేసరికి గొంతు బొంగురుపోయింది. అప్పట్నుంచీ పెడుతున్నా."

మిషనులో ఏదో తేడా అయి ఉంటుంది కదా అంది ఆవిడ. అయి ఉంటుంది, అన్నాడు ఆయన. నీళ్లు పెడితే ఆ తేడా ఉండట్లేదు, అన్నాడు. తర్వాత కాగితాలు చూపించాడు. రచయితలు రాసిన కథలో వర్తకుడు ఊరు చేరి సరుకు దింపుతాడు, కథ కంచికి పోతుంది. గొంతు చెబుతున్న కథలో వర్తకుడు సరుకు దింపడం లేదు. వీధిలో ఒక్కో గుమ్మం దగ్గరా ఆగి, ఇది మా ఇల్లేనా అండీ, అని అడుగుతున్నాడు. ఎవరూ పలకడం లేదు. వారం నుంచి ఇంతే, ఏ కథ ఇచ్చినా చివరికి ఆ వీధిలోకే పోతోందని చెప్పాడు. రాసేవాళ్లు తాము అలా రాయలేదంటున్నారు. పైవాళ్లు విననే వినరు. ఆవిడ, మీ పేరు రిజిస్టరులో రాయాలి, అంటే, రాయండమ్మా, ఎవరైనా రాస్తారేమోనని నలభై రోజులుగా చూస్తున్నా, అన్నాడు.

ఆ సాయంత్రం ఆవిడ అత్తగారి పక్కన నేల మీద కూర్చుని కథ మొత్తం వింది. వర్తకుడు ఏడు గుమ్మాలు తట్టాడు. ఒక గుమ్మం లోపల దీపం వెలుగుతోంది, మనుషుల మాటలు వినిపిస్తున్నాయి, అయినా ఎవరూ తలుపు తీయలేదు. మిగతాది రేపు, అంది గొంతు, ఎప్పట్లాగే, ఆయన నవ్వుతోనే. ఆ నవ్వు విని ఆవిడ రేడియోకి దూరంగా జరిగింది. పెద్దావిడ మాత్రం చిన్నపిల్లవాణ్ణి తలచుకున్నట్టు, పాపం, అంది.

ఇరవై రెండేళ్లలో మొదటిసారి ఆవిడ రహస్యం ఒకటి నోటితో చెప్పేసింది. ఆయన పోయాడు అత్తయ్యా, నలభై రోజులు దాటింది, అంది. పెద్దావిడ ఉలిక్కిపడలేదు. అదీ సంగతి, అన్నట్టు తల ఆడించింది. కోడలు మిగతాదంతా వరసగా చెప్పింది. చెబితే ఉద్యోగం పోతుందని, పెన్షను పోతుందని, ఈ రెండు గదుల అద్దె ఎలాగో తెలియదని, పైగా చెబితే ఈ గొంతు కూడా ఆగిపోతుందని, అప్పుడు సాయంత్రం ఏడింటికి నువ్వేం చేస్తావని అడిగింది. చివరి మాట అంటున్నప్పుడు ఏడుపొచ్చింది.

"నా సంగతి సరేలే," అంది పెద్దావిడ. "లక్షమందికి చెప్పాలా వద్దా అని మీరు తెగ ఇదైపోతున్నారు. ఆయన పోయాడని ఆయనకెవరైనా చెప్పారా?"

కోడలు కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"తెలిస్తే ఇల్లెందుకు వెతుక్కుంటాడే? మాట్లాడిస్తూనే ఉన్నారు కదా, ఉన్నాననుకుంటున్నాడు."

అలాంటివన్నీ మనం నమ్మకూడదు అత్తయ్యా, మిషను అది, అంది కోడలు. నమ్మకపోతే మానెయ్, అంది పెద్దావిడ. అంతటితో ఊరుకుంటే ఆవిడ అత్తగారెలా అవుతుంది? తడుముకుంటూ చెయ్యి చాపి, అలమర అడుగు అరలో ఉన్న బిస్కట్ డబ్బా మీద వేళ్లతో కొట్టింది.

"మీ చైర్మన్‌ని అంటున్నావు గానీ, నువ్వు మాత్రం ఏం చేశావు? మావాడు పోయాడని నీ పుస్తకానికి చెప్పావా?"

ఆ రాత్రి ఆవిడ అన్నం ముందు కూర్చుని, కలిపి, తినకుండా లేచింది.

మర్నాడు మధ్యాహ్నానికల్లా నోటీసు రాసి ముగించింది. మార్కెట్‌కి పంపే నోటీసులు రాయడంలో ఆవిడ చెయ్యి తిరిగిన మనిషి, ఒక మాట ఎక్కువ ఉండదు, ఒక మాట తక్కువ ఉండదు. ఇది కూడా పది వాక్యాలు. మనిషి పోయిన తేదీ, కంపెనీకి తెలిసిన తేదీ, ఆ తర్వాత వినిపించిన గొంతు మిషనుదన్న సంగతి, ఆలస్యంగా చెబుతున్నామన్న ఒప్పుకోలు. కింద ఎవరికి ఎప్పుడు తెలిసిందో జాబితా: చైర్మన్, సెక్రటరీ, సౌండాయన, తర్వాత ఒక చూపులేని పెద్దావిడ, ఆ తర్వాత తను. ఆ కాగితం తీసుకుపోయి సెక్రటరీ గారి ముందు పెట్టింది.

ఆయన రెండుసార్లు చదివారు. పెద్దావిడ గీత ఎలాగూ చెరగదు సార్, అంది ఆవిడ. ఎప్పుడో ఒకప్పుడు తనిఖీకి వచ్చినవాళ్లు ఆ గీత చూసి, కళ్లు లేనావిడకి తెలిసింది మీకెలా తెలియలేదని అడుగుతారు, అప్పుడు చెప్పడం కన్నా ఇప్పుడు చెప్పడం తేలిక, అంది. ఆయన లేచి కిటికీ దగ్గరికి పోయారు. తర్వాత అడక్కుండానే చెప్పారు, రోజూ ఇంటికి పోయేముందు ఆ రికార్డింగు గదికి పోయి కుర్చీ ఖాళీగా ఉందో లేదో చూసి పోతున్నానని. ఎందుకు చూస్తున్నానో నాకే తెలియదు, అన్నారు. నోటీసు పంపాలంటే ఆయన సంతకపు మీట కావాలి. కంప్యూటరుకి తగిలిస్తే ఆయన సంతకం పడే బొటనవేలంత పరికరం అది, ఎప్పుడూ ఆవిడ సొరుగులోనే ఉంటుంది.

"పంపించెయ్యండి," అన్నారు ఆయన. "చైర్మన్‌కి నేను చెప్పుకుంటా."

మార్కెట్ మూసేశాక, అయిదున్నరకి పంపింది. తెర మీద ఆకుపచ్చ అక్షరాల్లో చేరినది అని పడింది. ఇక ఎవరి ఫోనూ ఎత్తకుండా సంచి భుజాన వేసుకుని బస్సెక్కింది. బస్సులో అప్పటికే ఒకరిద్దరు ఫోన్లు చూసుకుని పక్కవాళ్లకి చూపించుకుంటున్నారు. ఒకావిడ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తెలిసినది చెప్పేశాక తేలిగ్గా ఉంటుందంటారు. ఆవిడ మాత్రం దిగేదాకా సంచిని గట్టిగా పట్టుకుని కూర్చుంది.

ఇంటికి చేరేసరికి ఏడు కావడానికి అయిదు నిమిషాలుంది. అత్తగారు రేడియో ముందు కూర్చునే ఉంది. ఇవాళ రాదు అత్తయ్యా, ఆపేసి ఉంటారు, అంది ఆవిడ. ఏడైంది. గొంతు వచ్చింది. ఆపమని ఎవరు ఎవరికి చెప్పాలో ఆ గందరగోళంలో తేలలేదు కాబోలు, కథ తనంతట తాను మొదలైపోయింది. వర్తకుడు వీధి చివరికి వచ్చాడు. ఒక్క గుమ్మమే మిగిలింది. తలుపు తట్టి, ఇది మా ఇల్లేనా అండీ, అన్నాడు.

పెద్దావిడ ముందుకి వంగి, రేడియోకి నోరు ఆనించినంత దగ్గరగా పోయింది. పసివాళ్లకి చెప్పే గొంతుతో చెప్పింది.

"నువ్వు పోయావు నాయనా. మా కోడలు అందరికీ చెప్పేసింది. ఇక చెప్పక్కర్లేదు, పడుకో."

గొంతు ఆగింది. గోడ మీద గడియారం ఏడూ నాలుగు చూపిస్తోంది. వాక్యం మధ్యలో ఆగిన చోట, ఇద్దరికీ స్పష్టంగా, సన్నటి ఈలతో ఎవరో గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వినిపించింది. పీల్చిన ఊపిరి వదిలిన చప్పుడు కూడా వినిపించింది. ఆ తర్వాత గరగర తప్ప ఏమీ రాలేదు. పెద్దావిడ తడిమి బటన్ కట్టేసింది. ఆవిడ బుగ్గలు తడిగా ఉన్నాయి.

గది నిశ్శబ్దమైపోయింది. మామూలుగా ఆ వేళకి ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం ఉండదు. కోడలు నేల మీంచి లేవకుండా, ఎదురుగోడకి ఆనించి ఉన్న కుర్చీ వంక చూసింది. పిల్లల నోటుపుస్తకాలు దిద్దుకుంటూ ఆయన కూర్చున్న కుర్చీ అది. ఆరేళ్లుగా దాని మీద ఉతికిన బట్టలు పెట్టడమే తప్ప ఎవరూ కూర్చోలేదు. ఏం చెప్పాలో ఆవిడ ఆలోచించుకోలేదు, దానంతట అదే నోట్లోంచి వచ్చింది.

"మీ పేరు రాసింది నేనే. ముందు మీతో చెప్పి రాయాల్సింది. తప్పు నాదే. మీరు పోయారు కూడా, అది కూడా నేనెవరికీ చెప్పలేదు."

అత్తగారు చెయ్యి చాపి కోడలి తల మీద పెట్టింది.

మర్నాడు ఆఫీసంతా అల్లకల్లోలంగా ఉంది. గేటు దగ్గర కెమెరాలు, పైన చైర్మన్ గదిలో అరుపులు. షేరు పొద్దున పది నిమిషాల్లో పడాల్సినంతా పడింది. మధ్యాహ్నం విచారణకి మనుషులొస్తున్నారని, సెక్రటరీ గారు తన మాట మీద నిలబడ్డారని ఎవరో చెప్పారు. మెట్ల దగ్గర సౌండాయన ఎదురై, రాత్రి ఏడూ నాలుగుకి తను ఏ మీటా నొక్కలేదని, నొక్కేలోపే అదే ఆగిపోయిందని చెప్పాడు. గ్లాసు సంగతి ఆవిడ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

తన గదిలోకి పోయి తలుపు వేసుకుని ముందు చేయవలసిన పని చేయడానికి కూర్చుంది. సంచిలోంచి చావు సర్టిఫికెట్ తీసింది. ఆరేళ్లలో అంచులు పసుపెక్కాయి. రిజిస్టరు తెరిచి భర్త పేరు వెతికింది. ఆ గీత మొత్తం ఆవిడకి కంఠతా వచ్చు: పేరు, తెలిసిన సమయం, చెప్పినది భార్య, చివర అందినట్టు సంతకం అన్న గడి, అది ఖాళీ.

గడి ఖాళీగా లేదు. సంతకం అందినది అని ఉంది. పక్కన నిన్నటి తేదీ, సాయంత్రం ఏడూ పదకొండు.

ఆయన ఫోను ఆరేళ్లుగా అలమరలో, చార్జింగు లేకుండా, ఆయన కళ్లజోడు పక్కన పడి ఉంది. ఆవిడ కంప్యూటరు వాళ్లని పిలవలేదు. ఇదెలా జరిగిందని ఎవరినీ అడగలేదు. సర్టిఫికెట్ జతచేసి, ఇన్నాళ్లూ నొక్కని ఆ బటన్ నొక్కింది. ఇక ఈ పేరు మీద ఉత్తరాలు రావు, ఖాయమేనా, అని కంప్యూటరు అడిగితే, ఖాయమే అని నొక్కి, బల్ల మీద తల వాల్చుకుని ఏడ్చింది.